ఆఖరి రంగంలో మంత్రగత్తెకు మాటల్లేవు

పోయిన వారం మనం భూమవ్వను వంటింట్లో, చేతిలో కత్తితో, ముందర సగం తరిగిన ఉల్లిగడ్డతో వదిలి వచ్చాం. ముంగిట్లోంచి పెద్ద మేడం "భూమా! తాలీ!" అని కేకేసింది. ఇటు రమ్మనే ఆ పిలుపు ఆ ఇంట్లో చేరిన ఏడేళ్ళుగా రోజుకు పాతికసార్లు వింటున్నదే. కానీ ఆ ఆదివారం పొద్దున పిలుపు వెనకే ఒక మగగొంతు కూడా వినబడింది. అది ఆశన్న గొంతు.

ఆ గొంతు వినగానే ఆమె చేతిలో కత్తి ఎందుకు ఆగిందో కథను ఇవాళే చేతికి తీసుకున్నవాళ్ళకు చెప్పాలి. ఈ ఎడారి దేశంలో, బనియాస్ అనే పేటలో, ఒక కిరాణా కొట్టు మీది గదిలో మనవాళ్ళు కొందరు ఆదివారం సాయంత్రాలు చేరి ఒక పాత యక్షగానం సాధన చేస్తున్నారు. పేరు 'మాయలాడి కలాపం'. మూడున్నర వందల ఏళ్ళ కిందట దక్షిణాదిన ఏదో రాజుగారి కొలువులో మగవాళ్ళే ఆడవేషాలు కట్టి ఆడిన ఆట. దాని ప్రతిని ఎక్కడో పట్టుకుని ఎత్తి రాసుకున్నది సత్యకుమారి. ఆమెది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, ఇక్కడ బడిలో ఇంగ్లీషు చెబుతుంది, పాత నాటకాల్లో మంత్రగత్తెల మీద ఒకప్పుడు పరిశోధన చేసింది. ఆ ఆటలో ఊరి చివర మందులిచ్చుకుని బతికే మంగమారి అనే ఆడది ఒకతె ఉంటుంది. ఆమె ఇచ్చిన వేరు నమిలి రాణి గద్దె ఎక్కుతుంది. మగవాళ్ళు నీళ్ళు మోస్తారు, ఆడవాళ్ళు తీర్పులు చెబుతారు. వేటకు వెళ్ళిన రాజు తిరిగి వచ్చి, ఇదంతా మంగమారి మాయ అని తేల్చి, మళ్ళీ మంత్రం పలక్కుండా ఆమె ముందరి పళ్ళు ఊడబెరికించి ఊరేగిస్తాడు. రాణి అంతఃపురానికి పోతుంది. లోకం కుదుటపడుతుంది. మంగళహారతి.

మంగమారి వేషం భూమవ్వది. రాజు వేషం ఆశన్నది.

ఇద్దరిదీ జగిత్యాల దిక్కు కొండ్రాలపల్లె. తొలిరోజే ఒకరినొకరు గుర్తుపట్టారు. పన్నెండేళ్ళ కిందట ఆ ఊళ్ళో భూమవ్వకు జరిగింది ఇద్దరికీ తెలుసు కనుక ఇద్దరూ నోరు మెదపలేదు. ఇంతలో మంత్రి వేషం కట్టే రాజమౌళిని చూసి, "బిడ్డా, నీ కండ్లు లోపలికి గుంజుకపోయినయి. రెండు దినాలు ఎండలకు పోకు, పడిపోతవ్" అన్నది భూమవ్వ. మూడోనాడు రాజమౌళి సైటు మీద పడిపోయాడు. ఆ రోజు రాత్రే ఆశన్న ఆటవాళ్ళ వాట్సాప్ గ్రూపులో గొంతు పెట్టాడు. "ముందుగాల్నే ఈమెకెట్ల తెలిసింది? ఇది వేషం కాదు. మా ఊరోళ్ళను అడుగున్రి. ఆదివారం ఆమె కఫీల్ ఇంటికి పోయి చెప్త."

చెప్పినట్టే కఫీల్ ఇంటికి, అంటే ఆమెకు వీసా పెట్టిన యజమానుల ఇంటికి వచ్చాడు.

మంత్రాలు, తాయెత్తులు అంటే ఈ దేశంలో పోలీసు కేసు. జైలు దాకా పోకపోయినా, ఆ మాట పడ్డ పనిమనిషిని ఏ ఇంటివాళ్ళూ ఉంచుకోరు. భూమవ్వ కత్తి కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని ముంగిట్లోకి నడిచింది. వెనకే నిజామాబాద్ జైబున్నీసా. ఆ ఇంట్లో బట్టలు, ఇస్త్రీ ఆమె పని; ఆదివారం సాధనకు భూమవ్వకు తోడు వెళ్ళేదీ ఆమే. "డరో మత్ భూమక్కా. నేనున్న" అంటూ భూమవ్వ చెయ్యి పట్టుకుంది. కానీ జైబున్నీసా చెయ్యే చల్లగా ఉంది.

పెద్ద మేడంకు డెబ్బై దాటాయి. మొగుడు పోయాక ఆ ఇంట్లో ఆమె మాటే చెల్లుతుంది. ముక్కు మీద పాతకాలపు బంగారువన్నె ముసుగు, ముందు ఖర్జూరాల పళ్ళెం, కాఫీ కూజా. తండ్రి బొంబాయి వర్తకం చేసిన రోజుల్లో చెవినపడ్డ హిందీ ఆమెకు ఇంకా ఉంది. ఎండ పడని మూలకు ఆశన్న నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. కళ్ళు మాత్రం నేల మీద ఉన్నాయి.

"ఏ ఆద్మీ బోల్తా, తుమ్ సిహర్ కర్తా" అంది మేడం. ఈ మనిషి నువ్వు చేతబడి చేస్తావంటున్నాడు అని. గొంతులో కోపం లేదు, నమ్మకమూ లేదు. ఉప్పు తక్కువైందా అని అడిగినట్టు అడిగింది.

భూమవ్వ నోరు తెరిచింది. మాట రాలేదు.

ఊళ్ళో ఆనాడు కూడా ఇంతే. పంచాయితీ గద్దె ముందు నిలబెట్టి "చెప్పు" అన్నారు. ఏం చెప్పినా అది మంత్రమే అన్నారు. చెప్పకపోతే లోపల చదువుతున్నదన్నారు. సత్యకుమారి రిహార్సల్‌లో ఒకరోజు కాగితాలు తిరగేస్తూ అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. "చూశారా భూమవ్వగారూ, ఆఖరి రంగంలో రాజుకు పద్నాలుగు పద్యాలు రాశాడండి కవి. భటులకు కూడా తలో రెండు ముక్కలు రాశాడు. మంగమారికి ఒక్క మాటా లేదు. ఆవిడ నోరు విప్పితే తన కథ నిలబడదని ఆయనకూ తెలుసండి."

"మేడం అడుగుతున్నది. చెప్పు" అన్నాడు ఆశన్న నేల చూస్తూనే. "నా తమ్ముని లెక్క చూస్కుంటున్న పోరడు. దవఖానల పడ్డడు. సోయి లేకుండ పిచ్చిపిచ్చిగ మాట్లాడిండు. ఈమె అన్నది, వాడు పడ్డడు. మా ఊర్ల గూడ గంతే. ఈమె మక్కకంకి ఇచ్చింది, ఈమె మరిది బిడ్డ సచ్చింది."

ఆ మక్కకంకి మాట వినగానే భూమవ్వ తన కుడిచేతిని కొంగులో దాచుకుంది. పన్నెండేళ్ళుగా ఆమె ఎవరికీ చెప్పుకోని సంగతి అది. ఊరు చేసింది అన్యాయమని ఆమెకు తెలుసు. తనకు మంత్రాలు రావనీ తెలుసు. కానీ ఆ రోజు పొద్దున అయిదేళ్ళ గౌరికి తన చేత్తోనే కంకి కాల్చి ఇచ్చింది. మధ్యాహ్నానికే పిల్ల లేదు. నా చేతిలోనే ఏదైనా ఉన్నదా? నా చూపులో ఏదైనా ఉన్నదా? ఊరు ఊరంతా అంటే ఎంత గట్టి మనసుకైనా ఎక్కడో ఒక మూల చీడ పడుతుంది. అందుకే ఈ ఇంట్లో చేరిన రోజు నుంచి మేడం మనవరాలికి తన చేత్తో ఏదీ అందించేది కాదు. పళ్ళెంలో పెట్టి దూరం జరిగేది. ఆ పిల్ల చెయ్యి చాపి అడిగినా "తీస్కో బిడ్డా" అని పళ్ళెం చూపించేది.

ఇప్పుడు ఆమె చెయ్యి తనంత తానే నోటి దగ్గరికి పోయింది. పైవరస కట్టుడు పళ్ళ రేకు బయటికి తీసి, అరచేతిలో పెట్టుకుని మేడం ముందుకు చాపింది.

"మామా" అంది, అమ్మా అని ఆ ఇంటి పనివాళ్ళు పెద్ద మేడంను పిలిచే పిలుపుతో. పళ్ళు లేని నోట్లో మాట బోలుగా పలికింది. "గివి నువ్వే కట్టిపిచ్చినవ్. పండ్లు ఎట్ల పోయినయి అని నువ్వు అడిగితే బాయి కాడ జారిపడ్డ అని చెప్పిన. అబద్ధం చెప్పిన. రాయితోని కొట్టి ఊడగొట్టిన్రు. మంత్రం సదువకుండ."

ఆ మాటను జైబున్నీసా హిందీలోకి మార్చబోయి మధ్యలో ఏడ్చేసింది. మార్చాల్సిన పనేమీ లేకపోయింది. మేడం పళ్ళ రేకు వైపు, భూమవ్వ నోటి వైపు చూసి, కాఫీ గిన్నె కింద పెట్టింది.

భూమవ్వకు ఇప్పుడు మాట దొరికింది. ఆశన్న వైపు తిరిగింది.

"ఆశన్నా, ఆనాడు నన్ను పట్టుకున్నోళ్ళు నలుగురు. ఎడమ చెయ్యి పట్టుకున్నోనివి నువ్వు. అందరి చేతులు గట్టిగున్నయి. నీ చెయ్యి వణికింది. నాకు యాదికున్నది. నా చెయ్యి నాకు కాకుండ పోయిన గడియల గూడ నీ వణుకు నాకు తెలిసింది. పన్నెండేండ్ల సంది అడుగుదామనుకుంటున్న. ఎందుకు వణికింది?"

ఆశన్న తలెత్తాడు. పెదవులు కదిలాయి. సరిగ్గా అప్పుడు గేటు బయట కారు ఆగింది.

దిగింది సత్యకుమారి. పొద్దున ఆమె రాజమౌళిని చూడటానికి ఆసుపత్రికి వెళితే, అప్పుడే వాణ్ణి ఇంటికి పంపించేస్తున్నారు. ఇంతలో జైబున్నీసా ఫోను చేసింది, ఆశన్న వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడని. వాణ్ణి కారెక్కించుకుని తిన్నగా ఇక్కడికి వచ్చేసింది. మణికట్టుకు ఆసుపత్రి పట్టీతో, చేతిలో మందుల సంచితో రాజమౌళి గేటు దాటి వచ్చాడు. ఇరవయ్యారేళ్ళ మనిషి నాలుగు రోజుల్లో సగమయ్యాడు. కానీ సొంత కాళ్ళ మీద నడుస్తున్నాడు.

"ఏందన్నా నువ్వు?" అన్నాడు ఆశన్నను చూసి. "దవఖానకు రాకుండ ఈడికొచ్చినవా? నాకేమైందో తెల్సా? ఎండదెబ్బ. పెయ్యిల ఉప్పు లేదు, నీళ్ళు లేవు. డాక్టర్ ఏమన్నడో తెల్సా? మూడు దినాల ముందుగాల్నే వస్తే గింత కాకపోవు అన్నడు. మూడు దినాల ముందుగాల నాకు పోకుమని చెప్పిందెవరు? ఈ పెద్దమ్మ చెప్పింది. మధ్యాహ్నం పని ఆపే రూలు ఇంక పది దినాలకు మొదలైతది, అప్పటిదాంక ఏం కాదు పా అన్నదెవరు? నువ్వు."

ఆశన్న కళ్ళు మూసుకున్నాడు.

"ఎట్ల తెలిసింది పెద్దమ్మా నీకు?" అడిగాడు రాజమౌళి.

"నా మొగడు గట్లనే పోయిండు బిడ్డా" అంది భూమవ్వ. "రోడ్డు పనికి పోయిండు. రెండు దినాల ముందు సంది కండ్లు గుంజుకపోయినయి, నాలుక పిడుచగట్టింది, చెమట ఆగిపోయింది. నాకప్పుడు తెల్వలె. ఎండ తగ్గినంక పండుకుంటే సదురుకుంటడు అనుకున్న. నీ మొకం చూస్తే ఆయన మొకమే కనబడ్డది."

సత్యకుమారి ఆమె పక్కకు వచ్చి నిలబడింది. భూమవ్వ ఆశన్నను ఏమడిగిందో జైబున్నీసా అప్పటికే ఆమె చెవిన వేసింది. పాత నాటకాల గురించి గంటలు గంటలు మాట్లాడే మనిషి ఇప్పుడు ఆశన్నతో ఒక్కటే అన్నది. "నేను ఇన్నేళ్ళు చదివిన నాటకాల్లో ఒక సంగతి గమనించానండీ ఆశన్నగారూ. ఎవరైనా ఒకావిణ్ణి మంత్రగత్తె అని అరుస్తున్నాడంటే, అరిచేవాడి ఇంట్లో ఏదో దాచుకున్నది ఉంటుంది. ఆవిడ అడిగిందానికి జవాబు చెప్పండి."

"ఏ ప్రశ్నకు?" అన్నాడు రాజమౌళి అయోమయంగా.

ఆశన్న గోడకు ఆనుకుని, మెల్లగా జారి, నేల మీద కూర్చుండిపోయాడు. ఇన్నాళ్ళూ 'ఈమె' అన్న నోరు మొదటిసారి పాత వరసతో పిలిచింది.

"వదినె" అన్నాడు. "పోరికి పురుగు ముట్టింది. పాము."

రాజమౌళి మందుల సంచి నేల మీద పెట్టాడు.

"ఆనాడు పొద్దుగాల నేను మీ గట్టు మీద గడ్డి కోస్తున్న. గౌరి మక్కచేన్ల ఆడుకుంటున్నది. కెవ్వున మొత్తుకున్నది. ఉరికిన. మడిమె మీద రెండు గాట్లు. నల్లది గడ్డిలకు జారుడు నా కండ్లార చూసిన. పోరిని ఎత్తుకొని నీ మరిది దగ్గరికి ఉరికిన. బండి తియ్యే, జగిత్యాల దవఖానకు కొంచవోదాం అన్న. ఆగుర, పసరు పోపిస్త, మంత్రం పెట్టిస్త అన్నడు. వాని పెండ్లాం మంజుల కూలికి పోయి ఉన్నది. రెండు గంటలల్ల పోరి పాయె."

"పాము అని ఎందుకు చెప్పలె?" భూమవ్వ గొంతు తనకే వినిపించనంత చిన్నగా వచ్చింది.

"నీ మరిది నా కాళ్ళు పట్టుకున్నడు. దవఖానకు తీస్కపోకుండ సంపుకున్నవ్ అని మంజుల నన్ను బతుకనియ్యది, చెప్పకు అన్నడు. సరే, పిల్ల పోయిన తండ్రి గదా అనుకున్న. పొద్దుగూకెవరకు మక్కకంకి మాట ఎవరు తీసిన్రో తెల్వది, నీ పేరు లేసింది. నీ మరిది అడ్డం చెప్పలె. నువ్వు ఊరిడిస్తే నీ మొగని పాలు రెండెకరాలు వాని చేతికే వస్తయి. నేను చెప్దామని నోటిదాంక వచ్చింది. చెప్పలె. చెయ్యి పట్టుకోమన్నరు, పట్టుకున్న. నెల దినాలకు నాకు దుబాయ్ వీసా వచ్చింది. ఏజెంటును మాట్లాడింది నీ మరిదే." మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. "రిహార్సల్ల నిన్ను చూసిన నాటి సంది నాకు నిద్ర లేదు వదినె. నువ్వు నిజంగ మంత్రగత్తెవైతే బాగుండు అనుకున్న. గప్పుడు నేను చేసింది తప్పు కాకపోవు గదా. రాజమౌళి పడంగనే, చూసినవా, నిజమే అని నాకు నేనే చెప్పుకున్న."

భూమవ్వకు మిగతా మాటలు సగమే వినబడ్డాయి. పాము అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. పాము. మక్కకంకి కాదు. నా చెయ్యి కాదు. నా చూపు కాదు. పన్నెండేళ్ళు ఎద మీద పెట్టుకుని మోసిన బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టు ఊపిరి లోపలిదాకా పోయింది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. పిల్ల గుర్తొచ్చింది. గౌరి పళ్ళకు మక్కగింజ అంటుకుని నవ్వుతున్న మొహం. ఇన్నేళ్ళూ ఆ మొహాన్ని తలుచుకోవడానికి కూడా ఆమెకు భయమే. ఇప్పుడు తలుచుకుంది, భయం లేకుండా. అప్పుడు వచ్చాయి కళ్ళ నీళ్ళు. జైబున్నీసా భుజం తడిసేదాకా వచ్చాయి.

పెద్ద మేడం అంతా జైబున్నీసా చేత చెప్పించుకుని వింది. ఆ తర్వాత ఆమె తన హిందీలో, మధ్య మధ్య అరబ్బీ దొర్లించుకుంటూ చెప్పింది. ఫుజైరా కొండల్లో ఆమె నానమ్మ పురుళ్ళు పోసేదట. ఇనుము కాల్చి వాతలు పెట్టి నొప్పులు తీసేదట. "బిడ్డ బతికితే అల్లా దయ అనేవాళ్ళు. పోతే ఆమె కన్ను పడింది అనేవాళ్ళు. ఆ అన్నవాళ్ళందరినీ ఈ లోకంలోకి లాగింది ఆమె చేతులే."

తర్వాత ఆశన్న వైపు చెయ్యి చూపించి భూమవ్వను అడిగింది. అబద్ధపు ఫిర్యాదు తెచ్చాడు కదా, పోలీసుకు చెప్పనా? కొడుకును పిలవనా? నువ్వు చెప్పు, ఏం చెయ్యమంటావు?

పంచాయితీ గద్దె ముందు నిలబడ్డ మనిషిని, తీర్పు నువ్వే చెప్పమని అడగడం భూమవ్వ బతుకులో అదే మొదలు. ఆమె ముందుగా పళ్ళ రేకు కడుక్కొచ్చి పెట్టుకుంది. తీరిగ్గా పెట్టుకుంది. ఆశన్న ముందర నిలబడింది.

"పోలీసు వద్దు మామా. ఆయనకు గూడ పెండ్లాం పిల్లలున్నరు" అంది. "ఆశన్నా, ఫోను తియ్యి. మన ఊరి గ్రూపు ఉన్నది గదా, దుబాయ్‌ల ఉన్నోళ్ళు, ఊర్ల ఉన్నోళ్ళు అందరున్నది. ఇప్పుడు ఈడ చెప్పింది అండ్ల చెప్పు. ఒక్క ముక్క తక్కువ కావద్దు. పాము సంగతి, నీ చెయ్యి సంగతి, వీసా సంగతి. ఊరు నన్ను అందరి ముందట అన్నది. నువ్వు అందరి ముందట చెప్పు."

ఆశన్న ఫోను తీశాడు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు చెరిపేశాడు. నాలుగోసారి రాజమౌళి వెళ్ళి పక్కన కూర్చుని, ఫోను తాను పట్టుకున్నాడు. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు మాట్లాడాడు ఆశన్న. పంపే బొమ్మ మీద వేలు పెట్టే ముందు భూమవ్వ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. గొంతు గ్రూపులోకి వెళ్ళిపోయింది.

"ఖలాస్" అంది పెద్ద మేడం. "భూమా, కాఫీ చల్లారింది. మళ్ళీ పెట్టు. ఈ మనిషికి కూడా ఇవ్వు. యల్లా, తొందరగా."

లోపలికి వెళుతుంటే మేడం మనవరాలు ఎదురొచ్చి ఖర్జూరం కావాలని చెయ్యి చాపింది. భూమవ్వ అలవాటుకొద్దీ పళ్ళెం కోసం చూసింది. మళ్ళీ ఆగింది. ఒక మెత్తటి పండు ఏరి, గింజ తీసి, ఆ చిన్న అరచేతిలో తన వేళ్ళతోనే పెట్టి, వేళ్ళు మూసింది. పిల్లకు ఇందులో వింతేమీ కనబడలేదు. తినేసి ఇంకోటి అడిగింది.

సాయంత్రం రిహార్సల్ గదిలోకి అడుగు పెట్టేసరికి పొద్దుటి సంగతంతా సత్యకుమారి నోట విన్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. గ్రూపులో ఆశన్న మాటకు తలలూపినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆమె చూపు తప్పించారు. హార్మణీ వాయించే అంజిబాబు మాత్రం కోనసీమ మనిషి, లోపల ఏదీ దాచుకోలేడు. "ఏవండోయ్ భూమవ్వగారూ, మీరు రారేమో అని నేను నాలుగు రోజుల్నుంచి గొంతులో మెతుకు దిగక చచ్చాను. మీ మీద ఒట్టు" అన్నాడు. నవ్వులు పడ్డాయి. ఆ నవ్వుల్లో గదిలో బిగుసుకున్నదేదో సడలింది.

సత్యకుమారి కాగితాల కట్ట ముందుకు తోసింది. "నాదే తప్పండి. ఆ ఆఖరి రంగం మీతో ఆడించాలనుకున్నాను. ఎన్ని పుస్తకాలు చదివి ఏం లాభం, మీ నోటి వంక ఒక్కసారి సరిగ్గా చూడలేదు. ఆ రంగం కొట్టేస్తానండి. రాణి పట్టాభిషేకంతో ముగిద్దాం."

"కొట్టెయ్యకు మేడం" అంది భూమవ్వ. "ఉండనీ. తీసేస్తే జరగనట్టే అయితది. రాజు ఆయన పద్యాలు ఆయన సదువుకోనీ. నాకు గూడ నాలుగు మాటలుండాలె."

"రాస్తానండి. ఈ రాత్రికే రాస్తాను."

"నువ్వెందుకు రాస్తవ్? నేను చెప్త. నువ్వు రాసుకో."

సత్యకుమారి పెన్ను తీసి, చిన్నపిల్ల డిక్టేషన్‌కు కూర్చున్నట్టు నేల మీద కూర్చుంది.

"ఏ రాగమండీ?" అన్నాడు అంజిబాబు హార్మణీ తిత్తి తెరిచి.

"రాగం తర్వాత చూద్దాం బాబూ. ముందుగాల వినున్రి."

రంగం మొదలైంది. ఆశన్న అట్ట కిరీటం పెట్టుకుని లేచి నిలబడ్డాడు. "ఓరీ భటులారా! ఈ మాయలాడి పలుకుల పదును విరుగునట్లు..." అనే చోట ఆగిపోయాడు. మళ్ళీ మొదలెత్తాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డ భూమవ్వ, పెద్ద బళ్ళో పంతులమ్మలా, మెల్లగా అందించింది. "దీని ముందరి పండ్లు ఊడబెరుకుడు. అను. పద్యం మర్చిపోతే ఎట్ల ఆశన్నా, వచ్చే నెలనే ఆట."

ఎవరో ఫక్కున నవ్వారు. భూమవ్వా నవ్వింది. ఆ కట్టుడు పళ్ళన్నీ కనబడేలా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. ఆశన్న ఏడుస్తూనే పద్యం పూర్తి చేశాడు. అంత బాగా ఆయన ఎప్పుడూ పాడలేదని అంజిబాబు తర్వాత అందరితో చెప్పాడు.

అప్పుడు మంగమారి ముందుకు వచ్చి మాట్లాడింది. మూడున్నర వందల ఏళ్ళలో ఆమె నోటికి అవే మొదటి మాటలు. "రాజా, నేను ఏరు ఇచ్చిన. నమిలింది రాణి. గద్దె ఎక్కాలని కోరిక ఆమె కడుపుల ముందుగాల్నే ఉన్నది. నీకు భయమైంది. ఎవలను చూసి? నన్ను చూసి కాదు. మరి నా పండ్లెందుకు?" ఇంకా చాలానే చెప్పింది. సత్యకుమారి పెన్ను ఆగకుండా పరిగెత్తింది. రాజమౌళి గోడ వారన ఉప్పు నీళ్ళ సీసా పట్టుకుని, మంత్రి చెప్పాల్సిన మాటలు మరిచిపోయి వింటూ కూర్చున్నాడు.

ఎనిమిదింటికి సాధన ముగిసింది. జైబున్నీసా మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటోంది. భూమవ్వకు ఆకలేసింది. వేళకు తినడం వేరు, ఆకలి వేరు. అది వేసి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు. కింద కొట్లో వేడి సమోసాల వాసన వస్తోంది. తలా రెండు తీసుకుందామని మెట్లు దిగబోతుంటే వెనక నుంచి ఆశన్న పిలిచాడు.

"వదినె, ఆగు." మొహం పాలిపోయి ఉంది. "ఊరి గ్రూపుల నూట నలభై మంది విన్నరు. ఎవ్వలు ఒక్క మాట రాయలె. గిప్పుడే ఒక్కలు గొంతు పెట్టిన్రు. గ్రూపుల కాదు, నాకే పెట్టిన్రు. నీకు వినిపియ్యుమన్నరు."

"ఎవరు?"

ఆశన్న జవాబు చెప్పకుండా ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాడు. మొదట రోడ్డు మీద బండ్ల చప్పుడు వినిపించింది. ఎవరో పఠాన్ల భాషలో కేకలేస్తున్నారు. ఆ తర్వాత ఒక ఆడగొంతు. పన్నెండేళ్ళయినా మరిచిపోయే గొంతు కాదు. ఆనాడు అందరికంటే ముందు వచ్చి తన కొప్పు పట్టుకుని గద్దె దగ్గరికి ఈడ్చిన మనిషి గొంతు. గౌరిని కన్న తల్లి గొంతు.

"అక్కా... మంజులను. ఆశన్న చెప్పింది పదిసార్లు విన్న. నేను ఊర్ల లేను. రెండేండ్ల సంది ఈ దేశంలనే ఉన్న. పనిచేసే ఇంట్లకెళ్ళి నిన్న బయటికొచ్చిన. దుబాయ్‌ల నైఫ్ బజారు కాడ ఉన్న. బస్సు ఎక్కుతున్న, అక్కా. నీ దగ్గరికే వస్తున్న."